చాలియా పాట, రెండు నిమిషాల మైనం

పాత గొంతులు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గత సంచికలో తొలినాటి రికార్డుల గురించి రాస్తూ, "క్యూబా నుంచి మొట్టమొదట రికార్డుకెక్కిన గొంతు ఒక ఒపేరా గాయనిది, ఆమె పేరు చాలియా హెర్రేరా" అని ఒక్క వాక్యం రాసి ముందుకెళ్లిపోయాను. ఆ ఒక్క వాక్యం మీద ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. అందుకని ఈసారి పేజీ మొత్తం క్యూబాకే. గ్రామఫోను స్ప్రింగు గురించి అడిగినవాళ్లు వచ్చే నెలదాకా ఓపిక పట్టాలి.

ప్రశ్న: చాలియా అని పేరు మాత్రం చెప్పి వదిలేశారు. ఎవరామె? అంత గొప్ప గాయని అయితే పాతకాలపు ఒపేరా గాయనుల జాబితాల్లో ఎక్కడా కనపడదేం?

జవాబు: అసలు పేరు రొసాలియా, ముద్దుపేరు చాలియా. పూర్తి పేరు రాయడం మొదలుపెడితే మూడు లైన్లు దానికే పోతాయి, కాబట్టి మనమూ చాలియా అనే అందాం. 1860లలో హవానాలో పుట్టింది. అప్పటికి క్యూబా ఇంకా స్పెయిన్ చేతిలోనే ఉంది. చెరకు తోటల్లో బానిసలు పనిచేసేవాళ్లు. ఆ బానిసత్వం పోయింది 1886లో. ఆవిడ కన్నుమూసింది 1948 నవంబరులో, మళ్లీ హవానాలోనే. మధ్యకాలంలో చాలాభాగం పరాయి ఊళ్ల స్టేజీల మీద, ఇటాలియన్ ఒపేరాల్లో సొప్రానో (బాగా పైస్థాయి ఆడగొంతు) పాత్రలు పాడుతూ గడిచింది.

1890లలో న్యూయార్క్‌లో క్యూబన్ సొప్రానో అంటే వట్టి గాయని అయితే సరిపోయేది కాదు. క్యూబా స్వాతంత్ర్యం కోసం పోరాడిన కవి హోసే మార్తీ ఆ ఊళ్లోనే ప్రవాసం ఉంటూ 1892లో క్యూబన్ విప్లవ పార్టీని నిలబెట్టాడు. తుపాకులు కొనాలంటే డబ్బు కావాలి. చందాలు పోగుచేసే సభలో ఉపన్యాసాలే ఉంటే జనం ఎంతసేపు కూర్చుంటారు? పాట ఉండాలి. దేశం కోసం జరిగిన అలాంటి సభల్లో చాలియా పాడింది. 1895లో యుద్ధం మొదలైంది, ఆ మే నెలలోనే మార్తీ పోరులో చనిపోయాడు. స్పెయిన్ ఓడిపోయి దీవిని వదులుకోవాల్సి వచ్చిన సంవత్సరం 1898. సరిగ్గా ఆ ఏడాదే చాలియా న్యూయార్క్‌లో ఒక రికార్డింగు కొమ్ము ముందు నిలబడి పాడింది.

ఆ కొమ్ము జాన్నీ బెత్తినీ అనే ఆయనది. ఇటలీలో గుర్రపుదళం లెఫ్టినెంటు. న్యూయార్క్ వచ్చి స్థిరపడి, ఫోనోగ్రాఫుకి తన సొంత మార్పులు చేసి 1889లో పేటెంటు తీసుకున్నాడు. ఫిఫ్త్ అవెన్యూ మీద స్టూడియో పెట్టాడు. ఒపేరా గాయకులంటే మనిషికి పిచ్చి. బజార్లో పాట ఎక్కించిన మామూలు మైనపు గొట్టం, అంటే సిలిండరు, 50 సెంట్లకు దొరికే రోజుల్లో బెత్తినీ సిలిండరు 2 డాలర్ల నుంచి 6 డాలర్లదాకా పలికేది. ఆర్డరు వస్తేనే ఒక్కొక్కటీ విడిగా నకలు తీసి ఇచ్చేవాడు. అచ్చుపోసి వేలల్లో తీసే పద్ధతి వాడుకలోకి రావడానికి ఇంకా కొన్నేళ్లుంది. కాబట్టి అవి తయారైందే తక్కువ. 1902లో బెత్తినీ పారిస్‌కి మకాం మార్చాడు. అక్కడ మిగిలిన సరుకు రెండో ప్రపంచయుద్ధం బాంబుల్లో పోయిందంటారు. మైనం ఎటూ బూజు పడుతుంది, వేలిగోరు తగిలినా గీత పడుతుంది. ఇన్ని గండాలు దాటి ఆ గొంతు కాస్తయినా మిగలడమే విశేషం. మన గౌహర్ జాన్ కలకత్తాలో రికార్డు ఇచ్చింది 1902 నవంబరులో. చాలియా అంతకు నాలుగేళ్ల ముందు.

ఇక జాబితాల సంగతి. ఆ జాబితాలు తయారుచేసింది రికార్డులు పోగుచేసుకునే నాబోటివాళ్లు. 1902 తర్వాత పెద్ద కంపెనీలు ఇటలీ ఒపేరా గాయకుడు కరూసో లాంటివాళ్లతో డిస్కులు తీసి ప్రపంచమంతా అమ్మాయి. మా బుర్రల్లో ఒపేరా చరిత్ర అక్కణ్ణుంచే మొదలవుతుంది. సిలిండర్ల తర్వాత చాలియా విక్టర్ కంపెనీ డిస్కులూ ఇచ్చింది గానీ, అప్పటికే నలభై దగ్గర పడింది. ఇంకో కారణం మైనంలోనే ఉంది. ఆ సిలిండరు నిడివి సుమారు రెండు నిమిషాలు. పెద్ద ఏరియా (ఒపేరాలో ఒక్కరే పాడే పాట) ఒక్కటి పాడాలంటే ఆరేడు నిమిషాలు పడుతుంది. దాన్ని రెండు నిమిషాల్లో కుక్కాలంటే తల తీసేయాలి, లేదా తోక కోయాలి.

అంత చిన్న చోట్లో కోతల్లేకుండా ఇమిడేది ఒక హబనేరా, అంటే క్యూబా లయ నడక మీద సాగే పాట. అందుకే ఆమె రికార్డుల్లో నేను ముందు పెట్టేది 'తూ' అనే పాటను. ఎడ్వార్డో సాంచెజ్ ది ఫుయెంతెస్ ఇరవై ఏళ్లు నిండకముందే కట్టిన బాణీ అది, మాటలు అతని సోదరుడివి. మండే సూర్యుడున్న అందాల దీవి క్యూబాలో, పూలన్నిటికీ రాణివి నువ్వే అని ఒక చామనచాయ అమ్మాయితో చెప్పే పాట. పైకి ప్రేమపాటే. కానీ మొదటి మాటే 'క్యూబాలో' అని వినపడితే 1898లో న్యూయార్క్‌లో ఉన్న క్యూబన్ చెవికి అది ప్రేమపాటగా మాత్రమే వినపడి ఉంటుందా?

రాత్రుళ్ల పొడుగునా పాడిన పెద్ద పాత్రలు ఆమెతోనే పోయాయి, చిన్న పాట మిగిలింది. కొందరు దీన్ని అన్యాయం అంటారు. నన్నడిగితే, పోయినవాటిలో ఒకటి మిగలాలని కోరుకోమన్నా ఆ చిన్న పాటనే కోరుకునేవాణ్ణి. వెర్డి ఒపేరా 'ఐదా'లో నాయిక పాత్రను ఆ రోజుల్లో ప్రతి పెద్ద ఊళ్లోనూ ఎవరో ఒకరు పాడుతూనే ఉన్నారు. 'తూ'ను అది పుట్టిన ఊరి మనిషి, అది కొత్తగా ఉన్న రోజుల్లోనే పాడగా వినడం వేరు.

ప్రశ్న: క్యూబా అంటే రుంబా, చుట్టలు, చెరకు గుర్తొస్తాయి. అక్కడికి ఒపేరా ఎలా వెళ్లింది? కొద్దిమంది దొరల సరదా కాదూ?

జవాబు: సగం నిజమే. చెరకు డబ్బు లేకపోతే అక్కడ అంత పెద్ద థియేటరే లేదు. 1838లో హవానాలో తకోన్ థియేటరు తెరిచారు. కట్టించినవాడు ఫ్రాన్సిస్కో మార్తీ ఇ తొరెన్స్. కవి మార్తీకి ఈయనకీ చుట్టరికం లేదు. హవానాలో చేపల అమ్మకం మొత్తం ఈయన గుత్త. బానిసల రవాణాలోనూ చేయి ఉంది. అలాంటి సొమ్ముతో లేచిన హాల్లో బెల్లీనీ, దొనిజెత్తీ, వెర్డి లాంటి ఇటలీ స్వరకర్తలు వినపడ్డారు. ఆ హాలు మధ్యలో వేలాడే షాండిలియర్ ఎంత పేరుపడిందంటే, హవానాలో చూడాల్సినవి మూడే, మోరో కోట, కబాన్యా కోట, తకోన్ షాండిలియర్ అని జనం పదం కట్టి పాడుకున్నారు. రెండు కోటల పక్కన ఒక దీపాన్ని నిలబెట్టారంటే ఆ సరదా దొరల దగ్గరే ఆగిందని నేననుకోను.

ఈ థియేటరు మార్తీ నడిపిన ఒపేరా కంపెనీ మామూలు కంపెనీ కాదు. డబుల్ బేస్ వాద్యంలో ఇప్పటికీ పేరు చెప్పుకునే బొత్తెసీనీ 1840లలో అక్కడ పనిచేశాడు. అతని ఒపేరా 'క్రిస్తోఫొరో కొలంబో' 1847లో హవానాలోనే మొదటిసారి ఆడింది. అదే ఏడాది కంపెనీ ఓడెక్కి న్యూయార్క్ వెళ్లి వెర్డి 'ఎర్నానీ' పాడి వచ్చింది, 1850లో మళ్లీ వెళ్లింది. అంటే అమెరికా వాళ్లకి ఇటాలియన్ ఒపేరా హవానా నుంచి దిగుమతి అయిన రోజులున్నాయి. ఇప్పుడు వినడానికి విడ్డూరంగా ఉంటుంది.

పనిలో పనిగా ఒక పిట్టకథ. తకోన్‌లో స్టేజి యంత్రాలు చూసుకునే ఉద్యోగి ఆంతోనియో మెయూచీ. ఖాళీ దొరికితే కరెంటుతో జబ్బులు నయం చేసే ప్రయోగాలు చేసేవాడు. 1849లో అలాంటి ప్రయోగంలోనే, తీగకి అవతల ఉన్న మనిషి గొంతు ఇవతల వినపడిందని చెప్పాడు. టెలిఫోను ఎవరిదన్న గొడవలో ఆయన పేరు రావడానికి మూలం ఆ హవానా థియేటరే. 2002లో అమెరికా ప్రతినిధుల సభ ఆయన కృషిని గౌరవిస్తూ తీర్మానం కూడా చేసింది.

ప్రశ్న: ఫ్రెంచి స్వరకర్త బిజే ఒపేరా 'కార్మెన్'లో హబనేరా అసలు క్యూబా పాటేనా? బిజే హవానా వెళ్లాడా?

జవాబు: వెళ్లలేదు. ఆ బాణీ ఆయనది కూడా కాదు. సెబాస్టియాన్ ఇరదియెర్ అనే బాస్క్ ప్రాంతపు స్వరకర్త 'ఎల్ అర్రెగ్లీతో' అని ఒక హబనేరా రాశాడు. బిజే దాన్ని ఎవరూ రాయని జానపదం అనుకుని తీసుకున్నాడు. అసలు సంగతి తెలిశాక అచ్చులో ఆ మాట ఒప్పుకుంటూ నోట్ పెట్టాడు. ఇరదియెర్ మాత్రం క్యూబా వెళ్లి వచ్చినవాడే. 'లా పలోమా' ఆయన పాటే. కాబట్టి నడక క్యూబాది, బాణీ స్పెయిన్ మనిషిది, పేరు ఫ్రెంచివాడికి. 1875లో పారిస్‌లో 'కార్మెన్' మొదటిసారి ఆడాక ఆ హబనేరా ప్రపంచమంతా తిరిగింది. తర్వాత హవానాకూ వెళ్లి, అక్కడివాళ్లు డబ్బిచ్చి టికెట్ కొని తమ నడకనే పరాయివాళ్ల ఒపేరాలో విన్నారు.

ప్రశ్న: మీ మాట నమ్మి నెట్‌లో వెతికి చాలియా రికార్డు ఒకటి విన్నాను. ఏమనుకోకండి, రేకు డబ్బాలోంచి ఎవరో పిలుస్తున్నట్టుంది. దీనికేనా అంత రాశారు?

జవాబు: ఏమనుకుంటాను, మా ఇంట్లోవాళ్ల అభిప్రాయమూ అదే. నేను హెడ్‌ఫోన్ పెట్టుకుంటేనే వాళ్లు ఒప్పుకుంటారు.

కానీ ఆవిడ ఎలా పాడాల్సి వచ్చిందో ఒకసారి చూడండి. మైకు లేదు, రికార్డింగులోకి కరెంటు వచ్చింది 1925లో. గాయని కొమ్ములోకి పాడుతుంది, ఆ గాలి ఒత్తిడికి కొమ్ము చివర పల్చటి పొర అదురుతుంది, ఆ అదురుకి మొన మైనం మీద గాడి కోస్తుంది. అంతే. ఊపిరి బలం తప్ప ఇంకే శక్తీ లేదు. 'స', 'ష' లాంటి ఈల శబ్దాలు మైనందాకా చేరవు. గొంతుకి మెరుపునిచ్చే పై ధ్వనులూ చేరవు. మగగొంతులు దీన్ని కాస్త తట్టుకుంటాయి. సొప్రానోకి అసలు అందమంతా ఆ పైనే కదా, అందుకే ఎక్కువ నష్టపోయింది వాళ్లే. పైగా తారస్థాయి స్వరం గట్టిగా పట్టుకుంటే మొన చెదిరి బర్రుమంటుంది. అందుకని అక్కడికి రాగానే గాయని వెనక్కి జరగాలి, మెల్లగా పాడేచోట కొమ్ములోకి మొహం పెట్టాలి. వేలమందికి వినపడేలా పాడటం నేర్చిన మనిషికి అది ఎంత నరకమో ఊహించండి.

ఇంకో చిక్కు వేగం. ఆ రోజుల్లో అందరూ ఒకే వేగంతో రికార్డు చేయలేదు. ఇప్పుడు డిజిటల్‌లోకి ఎక్కించేవాళ్లు వేగం ఆరు శాతం తప్పితే శ్రుతి అరస్వరం మారిపోతుంది. మీరు విన్నది అలా పైకి జరిగిన నకలేమో. నేను చేసే పని చెబుతాను. అచ్చయిన పుస్తకంలో ఆ పాట ఏ శ్రుతిలో ఉందో ముందు చూస్తాను. గాయని శ్రుతి మార్చి పాడి ఉండొచ్చు కాబట్టి దాన్ని పూర్తిగా నమ్మను. ప్లేయర్‌లో వేగం కొంచెం కొంచెం తగ్గిస్తూ, పొడుగు స్వరం మీద గొంతు వణుకు గమనిస్తాను. వేగం ఎక్కువైతే ఆ వణుకు మేక అరుపులా గబగబా ఉంటుంది. తగ్గిస్తూ పోతే ఒకచోట అది మనిషి ఊపిరిలా సర్దుకుంటుంది. అచ్చులు కూడా అక్కడే తేరుకుంటాయి. 'ఆ' అన్నది 'ఆ'లా వినపడుతుంది. ఇంకా తగ్గిస్తే ఆవలింత. ఆ మధ్యలో ఆగాలి.

ఆ తర్వాత మొదటిసారి గాయనిని వినకండి, పియానో ఎడమచేతిని వినండి. హబనేరాలో ఆ నడక చివరిదాకా మారదు. రెండోసారి, ఆ కదలని నడక మీద గొంతు ఎక్కడ తొందరపడిందో, ఎక్కడ ఆలస్యం చేసిందో చూడండి. రెండు దెబ్బల చోట మూడు స్వరాలు పడే జాగాలు ఈ పాటల్లో తరచూ వస్తాయి. వాటిని లెక్కప్రకారం కోసినట్టు పాడితే హబనేరా చచ్చిపోతుంది. ఈల శబ్దాలు పోయినా, మెరుపు పోయినా, ఈ సర్దుబాటు మాత్రం మైనం మీద చెక్కుచెదరకుండా ఉంటుంది. అప్పటికీ నచ్చకపోతే మళ్లీ రాయండి, వాదించను. వెతికేటప్పుడు 'రొసాలియా చాలియా' అని వెతకండి. లేబుళ్ల మీద పేరు అలాగే ఉంటుంది.

ప్రశ్న: కరూసో హవానాలో పాడుతుండగా బాంబు పేలిందనీ, ఆయన వేషంతోనే వీధుల్లో పరుగెత్తాడనీ చదివాను. నిజమేనా?

జవాబు: బాంబు నిజం. 1920 జూన్ 13న, నేషనల్ థియేటర్‌లో, 'ఐదా' మధ్యలో. పరుగు మీద బోలెడు కథలున్నాయి, చెప్పే మనిషిని బట్టి కరూసో ఒక్కో వీధిలో దొరుకుతాడు. నేను బాంబు దగ్గరే ఆగుతాను.

నాకు అంతకన్నా ఆసక్తిగా అనిపించేది ఆయన ఫీజు. ఒక్క ప్రదర్శనకి 10,000 డాలర్లు. బ్రకాలే అనే కాంట్రాక్టరు అంత ఎలా ఇచ్చాడు? మొదటి ప్రపంచయుద్ధం యూరప్ పంచదార పంటను దెబ్బతీసింది. క్యూబా పంచదార ధర 1920 మే నెలలో పౌనుకి 22.5 సెంట్లు తాకింది. దీవి మొత్తం డబ్బు మత్తులో ఉంది. సరిగ్గా ఆ నెలలోనే కరూసో దిగాడు. అదే ఏడాది డిసెంబరుకి ధర 4 సెంట్ల కిందికి జారింది, బ్యాంకులు మూతపడ్డాయి. ఆరు నెలలు ఆలస్యమైతే ఆయనకి ఓడ టికెట్ కూడా ఎవరూ కొని ఉండరు. పాపం, ఆ జూన్ నెల ఆయనకి అన్ని విధాలా టెన్షనే: ఆయన హవానాలో ఉండగా అమెరికాలో ఇంట్లో భార్య నగలు దొంగలెత్తుకెళ్లారు. మరుసటి ఏడాది ఆగస్టులో నేపుల్స్‌లో చనిపోయాడు.

ప్రశ్న: మా అమ్మాయి పాశ్చాత్య గాత్రం నేర్చుకుంటోంది. తేలిక పాటలు పాడితే గొంతు పాడవుతుందని వాళ్ల టీచరు భయపెడుతోంది. క్యూబా గాయనులు రెండూ పాడారంటున్నారు కదా, ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ఒక గురువు దగ్గర నేర్చుకునే పిల్లకి పత్రికలో కూర్చున్న నేను సలహా ఇవ్వకూడదు. కథ మాత్రం చెబుతాను, టీచరుగారికి చెప్పాలో లేదో మీ ఇష్టం.

క్యూబాలో ఒపేరాకీ వీధిపాటకీ మధ్య గోడ ఎప్పుడూ అంత ఎత్తు లేదు. మధ్యలో సర్సువేలా అని ఒక నాటకరూపం ఉంది: పాట, మాట, నృత్యం కలిసి నడుస్తాయి. గొన్సాలో రోయిగ్ కట్టిన 'సెసిలియా వాల్దెస్' 1932లో హవానాలోని మార్తీ థియేటర్‌లో మొదటిసారి ఆడింది. అందులో నాయిక పాత్రకి ఒపేరా సొప్రానో గొంతే కావాలి, కానీ నడకలో హవానా వీధి వినపడాలి. ఒపేరా చదువు మాత్రమే ఉన్నవాళ్లు అక్కడ బోల్తా పడతారు, వీధిపాట మాత్రమే వచ్చినవాళ్లు పైస్వరాల దగ్గర బోల్తా పడతారు.

రీటా మొంతనేర్ సంగతి చూడండి. 1900లో గ్వానబకోవాలో పుట్టింది. తల్లి నల్లజాతి మూలాలున్న మనిషి, తండ్రి తెల్లవాడు. హవానాలోని పెయ్రెల్యాదే కన్సర్వేటరీలో (సంగీత కళాశాలలో) పియానో, గాత్రం రెండూ చదివింది. 1922 అక్టోబరు 10న హవానా రేడియో స్టేషను ప్రారంభ ప్రసారంలో పాడిన గొంతుల్లో ఆమెదీ ఒకటి, సొప్రానోగానే. 1927లో స్వరకర్తలు లెకువోనా, గ్రెనెత్ కలిసి కట్టిన నాటకంలో గుర్రబ్బండి తోలే నల్ల కుర్రాడి వేషం వేసుకుని, మొహానికి నల్లరంగు పూసుకుని 'ఆయ్ మమా ఇనెస్' పాడింది. మొహానికి రంగు పూయడం ఇవాళ చూస్తే ముళ్లలా గుచ్చుకుంటుంది, నల్లతల్లి కూతురు కాబట్టి ఇంకా ఎక్కువ. పాట మాత్రం ఊరంతా పట్టుకుంది. ఆ తర్వాత వేరుశనక్కాయలమ్మేవాడి కేక మీద మోయిసెస్ సిమోన్స్ కట్టిన 'ఎల్ మనిసేరో' పాటను కొలంబియా కంపెనీకి రికార్డు ఇచ్చింది. ఒకసారి విని చూడండి. కన్సర్వేటరీ చదువు ఎక్కడా దాగదు: ఊపిరి తీసింది వినపడదు, పొడుగు స్వరం చివర కుంగదు. అయినా ఎదురుగా బుట్ట పట్టుకుని అమ్ముతున్నట్టే ఉంటుంది.

అక్కణ్ణుంచి పారిస్, బ్రాడ్‌వే, సినిమాలు, నైట్ క్లబ్బులు. ఇన్నీ అయ్యాక 1950లలో మళ్లీ ఒపేరాకి వచ్చి మెనోత్తీ 'ది మీడియం'లో మేడం ఫ్లోరా పాత్రను స్పానిష్‌లో చేసింది. తాగుడుకి, భయానికి లొంగిపోయిన దొంగ సోదెగత్తె పాత్ర అది, కిందిస్థాయి గొంతుకి రాసింది. అప్పటికి రీటా గొంతు దానికి సరిపోయేంత కిందికి దిగింది. వయసుతో గొంతు దిగితే చాలామంది పాత పాటల్నే కింది శ్రుతిలో పాడుతూ రోజులు నెడతారు. ఈవిడ దిగిన గొంతుకి తగిన పాత్ర వెతుక్కుంది. 1958 ఏప్రిల్‌లో గొంతు క్యాన్సర్‌తో పోయింది. అది తేలిక పాటల వల్ల వచ్చింది కాదు, టీచరుగారికి ఆ ఆయుధం మాత్రం ఇవ్వకండి.

ప్రశ్న: నల్లజాతి క్యూబన్ గాయనులకు ఒపేరా స్టేజి దొరికిందా?

జవాబు: సొయిలా గాల్వెస్ అని ఒక సొప్రానో. 1899లో గ్వానహాయ్‌లో పుట్టింది, హవానాలో చదివి మిలాన్ వెళ్లి నేర్చుకుంది, కచేరీ గాయనిగా విదేశాల్లో పేరు తెచ్చుకుంది. కచేరీ గాయనిగా అన్నాను, చూడండి. న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపేరాలో మొదటిసారి ఒక నల్లజాతి సోలో గాయని, మేరియన్ ఆండర్సన్, అడుగుపెట్టింది 1955 జనవరి 7న. అప్పటికి సొయిలాకి యాభై అయిదు. సొప్రానోకి ఆ వయసులో తలుపు తీసినా ఒకటే, తీయకపోయినా ఒకటే.

ప్రశ్న: ఇప్పుడు ఎవరున్నారు?

జవాబు: హవానా థియేటరు ఉంది. తకోన్‌ను కలుపుకుని, స్పెయిన్‌లోని గలీసియా నుంచి వచ్చిన వలసదారుల సంఘం కట్టుకున్న పెద్ద భవనం 1915లో తెరిచారు. కరూసో పాడింది, బాంబు పేలింది అందులోనే. ఇప్పుడు దానికి నర్తకి అలీసియా అలోన్సో పేరు. 2016లో ఒబామా క్యూబా వెళ్లినప్పుడు ఉపన్యాసం ఇచ్చింది కూడా ఆ స్టేజి మీదే. గాయనుల్లో ఎగ్లీసె గుతియెరెస్‌ను వినండి. క్యూబాలో పుట్టి, ఫిలడెల్ఫియాలో పై చదువు చదివింది. 2009లో లండన్ కోవెంట్ గార్డెన్‌లో పాడిన దొనిజెత్తీ 'లిందా ది షమూనీ' రికార్డుగా దొరుకుతుంది. గొంతు కింద చీకటిగా ఉండి, పైకి వెళ్లేకొద్దీ పల్చబడుతుంది; నాకు ఇష్టం, కొందరికి నచ్చదు.

లిసెట్ ఒరొపేసాను క్యూబన్ అనొచ్చా అని ఒకరు విడిగా అడిగారు. అమ్మానాన్నలు క్యూబన్లు, ఆవిడ పుట్టింది 1983లో న్యూ ఆర్లీన్స్‌లో. మొదట ఫ్లూటు వాయించేది. 2020 జూలైలో, కరోనా భయంతో సీట్లు వదిలి సీట్లు కూర్చోబెట్టిన మాడ్రిడ్ రాయల్ థియేటర్‌లో 'లా త్రావియాతా' చివరి అంకం ఏరియాను జనం వదలకపోతే మళ్లీ పాడింది. ఆ థియేటర్‌లో అలా ఒక స్త్రీ ఏరియాను రెండోసారి పాడటం అదే మొదలు. క్యూబన్ అనాలా, అమెరికన్ అనాలా అన్నది మీరూ మీరూ తేల్చుకోండి.

ప్రశ్నలు పంపేవాళ్లకి ఒక మనవి. ఒక్క కార్డు మీద తొమ్మిది ప్రశ్నలు రాసినాయన ఎవరోగానీ, చివరి మూడూ స్టాంపు కింద ఉన్నాయి. అవి మళ్లీ రాసి పంపితే చూస్తాను.